హైదరాబాద్ ఫుట్‌బాల్: ఆటగాడు కోచ్ అయిన తోవ, ఆడపిల్లల వంతు

మైదానంలో ఆడినవారే వయసు మీరాక కోచ్‌లై మరో తరాన్ని తయారుచేయడానికి హైదరాబాద్ ఫుట్‌బాల్ పెట్టింది పేరు. మూసీకి దక్షిణాన పాత బస్తీ, ఉత్తరాన చాదర్‌ఘాట్, గోషామహల్, ఆపైన సికింద్రాబాద్ కంటోన్మెంటు ఈ ఆటకు నెలవులు. సయ్యద్ అబ్దుల్ రహీం, సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ ఈ వరసలో ముఖ్యులు. అందరూ మగవారే. ఒకప్పటి క్రీడాకారిణి కోచ్ అయి దేశానికి తెలియడం గోవాలో, కేరళలో జరిగింది. తెలంగాణ నుంచి భారత జట్టుకు ఎదిగిన గుగులోత్ సౌమ్య ఇంకా బూట్లు విప్పని ఆటగత్తె.

రహీం సాబ్

ఈ పరంపరకు మూలపురుషుడు రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. వృత్తి బడిపంతులుగిరీ. కాచిగూడ మిడిల్ స్కూల్లో మొదలుపెట్టి, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాక ఆటల బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు, నగరంలోని క్లబ్బులకు ఆడినా, ఆటగాడిగా ఆయనకు దేశవ్యాప్త కీర్తి ఏమీ రాలేదు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు, 1950లో సిటీ పోలీసు జట్టు కోచ్ అయ్యాడు. రెండు పనులూ చనిపోయేదాకా వదల్లేదు.

సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. పెద్ద క్లబ్బులన్నీ కలకత్తాలో ఉన్న రోజుల్లో దక్కన్ నుంచి వెళ్లిన కానిస్టేబుళ్ల జట్టు ఇలా గెలవడం మామూలు మాట కాదు. సంతోష్ ట్రోఫీ కూడా 1956-57, 1957-58లో వరసగా హైదరాబాద్‌కే వచ్చింది.

ఆయన నేర్పిన తీరు ఇప్పటి కోచ్‌లకూ పాఠమే. మన కుర్రాళ్లకు బాల్ కాళ్ల దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేసే మోజు ఎక్కువని గమనించి, డ్రిబ్లింగే చేయకూడదనే నియమంతో టోర్నమెంట్లు పెట్టించాడు. బాల్ అందగానే పాస్ ఇచ్చేయాలి, లేదంటే లాభం లేదు. కుడి కాలి ఆటగాళ్లు ఎడమ కాలితోనే, ఎడమ కాలి వాళ్లు కుడి కాలితోనే ఆడాల్సిన పోటీలు కూడా నడిపాడు. అలవాటు లేని కాలితో పాస్ ఇవ్వబోయి బాల్ ఎటో వెళ్లిపోతే గట్టున కూర్చున్నవాళ్లు నవ్వకుండా ఉంటారా? నవ్వినా, నాలుగు వారాలు అలా ఆడినవాడికి రెండో కాలు కూడా మాట వింటుంది. ఇందులో ఖర్చు లేదు, విదేశీ పరికరం లేదు. బడిపంతులు బుర్రకు తోచే ఉపాయం ఇది. పెద్ద ఆటగాడు కానివాడు పెద్ద కోచ్ కావడానికి ఆ పంతులుతనమే కారణమని అనిపిస్తుంది.

భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం తెచ్చాడు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడిన మ్యాచ్ అది. బూట్లు తప్పనిసరి అన్న సంగతి ఆ చలిదేశంలో తెలిసొచ్చింది. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచారు. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. బలరాంది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. పేద ఇల్లు. రోజూ ఊళ్లోకి వచ్చి సాధన చేయడానికి దారి ఖర్చు లేదంటే, అద్దె సైకిల్‌కని రహీం రోజుకో రూపాయి ఇచ్చేవాడని చెబుతారు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దాదాపు లక్షమంది ఎదుట దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ రెండోసారి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా సొంత ఊళ్లోని కుర్రకారులో కూడా ఆయన పేరు ఎందరికి తెలుసన్నది అనుమానమే.

తర్వాతి వరస

రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. తర్వాత ఫిఫా రిఫరీ, కోచ్. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. అర్జున అందుకున్న ఈ స్టాపర్‌కు 1990లో కోచ్‌గా ద్రోణాచార్య పురస్కారం దక్కింది. 1997లో, మళ్లీ 2005లో ఆయన శిక్షణలోనే భారత్ దక్షిణాసియా ఛాంపియన్ అయింది. మాజీ కెప్టెన్ షబ్బీర్ అలీ గోవాకు చెందిన సాల్‌గావ్‌కర్ క్లబ్బును 1998-99 జాతీయ లీగ్ విజేతగా నిలిపాడు.

వీళ్లందరి వెనకా ఉన్నది ఒక ఏర్పాటు: బడిలో ఆట, బస్తీలో క్లబ్బు, పోలీసు జట్టులోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో ఆట మీద ఉద్యోగం. మోకాలు మొరాయించాక కూడా నెల జీతం ఆగదు కాబట్టి మైదానం వదలక్కర్లేదు. పాత ఆటగాడు కోచ్ కావడానికి ప్రతిభ ఎంత అవసరమో ఈ జీతం కూడా అంతే అవసరం. చాంద్రాయణగుట్ట పక్కన, నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు సిపాయిల వారసులు ఉండే బార్కస్‌లో ఫుట్‌బాల్ మమకారం నేటికీ చూడొచ్చు. అయితే ఆ మైదానాలు తరతరాలుగా మగపిల్లలవే. పోలీసు జట్టు ఉద్యోగాలూ అంతే.

ఆడవారి ఆట

భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య 1975లో ఏర్పడింది. అప్పటి జాతీయ జట్టుకు తొలి కోచ్ సుశీల్ భట్టాచార్య, కలకత్తాకు చెందిన పురుషుడు. అమ్మాయిలు మాత్రం త్వరగానే సత్తా చూపారు: కాలికట్‌లో జరిగిన 1979-80 ఆసియా పోటీల్లో రన్నరప్, 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రన్నరప్. అదే ఏడాది శాంతి మల్లిక్ అర్జున పొందిన తొలి మహిళా ఫుట్‌బాలర్ అయింది. ఆ ఊపు నిలవలేదు. అమ్మాయిలకు లీగ్ లేదు, ఆట మీద ఉద్యోగాలు బహు తక్కువ. మహిళల లీగ్ మొదలైంది 2016-17లో. అంటే రోవర్స్ కప్ మొదలైన 125 ఏళ్ల తర్వాత! మణిపూర్‌కు చెందిన ఒయినాం బెంబెం దేవి రెండు దశాబ్దాలు జాతీయ జట్టుకు ఆడి 2020లో పద్మశ్రీ అందుకుంది. ఆట మానాక ఆమె కూడా శిక్షణ వైపే మళ్లింది.

ఆటగత్తె నుంచి కోచ్‌గా మారిన ప్రయాణానికి బాగా తెలిసిన ఉదాహరణ గోవాకు చెందిన మేమోల్ రాకీ. భారత్‌కు ఆడి, జాతీయ జట్టులో సహాయక కోచ్‌గా పనిచేసి, 2017లో ప్రధాన కోచ్ అయింది. ఆమె హయాంలో భారత్ 2018లో తొలిసారి ఒలింపిక్ అర్హత పోటీల రెండో రౌండుకు చేరింది. 2019లో నేపాల్‌లోని విరాట్‌నగర్‌లో దక్షిణాసియా టైటిల్ గెలిచింది. 2021లో మేమోల్ పదవి వదిలింది. కేరళ క్రీడాకారిణి పి.వి. ప్రియ కోచ్‌గా గోకులం కేరళ 2019-20 మహిళా లీగ్ గెలిచింది.

తెలంగాణ నుంచి ఈ పట్టికలో చేరదగిన పేరు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్యది. నగర క్లబ్బుల చరిత్ర ఏదీ ఆమె వెనక లేదు. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళా లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. ఆ ఏటి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా ఆమెకే వచ్చింది. ఇప్పుడు కోచ్ కావాలంటే రహీం కాలంలోలా అనుభవం ఒక్కటే చాలదు, సమాఖ్య లైసెన్సులు ఒక్కో మెట్టూ ఎక్కాలి. ఆ కోర్సులకు రుసుము ఉంది, సెలవు కావాలి, జీతమిచ్చే క్లబ్బో సంస్థో వెనక ఉండాలి.

2025 జులై 5న థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి భారత మహిళలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ అర్హత పోటీల జట్టులో సౌమ్య ఉంది. అప్పటి ప్రధాన కోచ్ క్రిస్పిన్ ఛెత్రి, సహాయక కోచ్ ప్రియ.