చెరువు, బోరు, మానవ స్వభావం

వాతావరణం మారిపోతున్నదని తెలిసికూడా మనిషి ఎందుకు కదలడం లేదు? ఈ ప్రశ్నకు తేలికగా దొరికే జవాబు ఒకటున్నది: మానవ స్వభావమే అంత; నేటి లాభం కనిపించినట్లు రేపటి నష్టం కనిపించదు, తన చేను కనిపించినట్లు ఊరి చేను కనిపించదు. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దాదాపు ఈ మాటనే సిద్ధాంతం చేశాడు. ఉమ్మడి బీడులోకి ప్రతివాడూ ఒక పశువును అదనంగా తోలుతాడనీ, చివరకు బీడే మిగలదనీ అతని వాదన. ఈ వాదనను మన ప్రాంత చరిత్ర ముందు నిలబెట్టి చూడవలసి వున్నది.

జమ్మికుంట పేరులోనే కుంట వున్నది. దీనికి తూర్పున వున్న రామప్ప, పాకాల చెరువులు 13వ శతాబ్దపు కాకతీయుల కాలం నాటివి. నాలుగు నెలల వానను ఏడాది పొడుగునా వాడుకొనడానికి ఈ మెట్టనేల కనిపెట్టిన ఉపాయం చెరువు. కట్ట తెగితే అందరి పొలమూ ఎండుతుంది గనుక కట్ట అందరి బాధ్యత అయింది. తూము ఎత్తడానికి నీరటికాడు, నీటిపంపకానికి వంతులు ఏర్పడ్డాయి. అయితే దీనిని స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. కట్టపై మట్టి మోసిన చేతుల్లో వెట్టిచేతులు వున్నాయి. తూము కింది మంచి భూమి దొరలది, మోత దళితులది. ఐనా ఒక సంగతి రుజువైంది: రేపటి కోసం కలిసి పనిచేయడం మనిషి స్వభావానికి విరుద్ధం కాదు.

తరువాత బోరు వచ్చింది. రాతినేలలో నీరు పగుళ్ళలోనే నిలుస్తుంది. ఒకడు లోతుకు పోతే పక్కవాని బావి ఎండుతుంది; వాడు అప్పుచేసి మరింత లోతుకు పోతాడు. వానను నమ్ముకొని పత్తి వేసిన చిన్నరైతుకు తొలకరి మోసం చేస్తే విత్తనం రెండుసార్లు కొనాలి. అటువంటివాడు వచ్చే తరం గురించి ఆలోచించలేదని నిందించడం న్యాయమా? అతనిది దురాశ కాదు, గత్యంతరం లేకపోవడం. చెరువు శిఖాన్ని ఆక్రమించి అమ్ముకొన్నవానిది మాత్రం దురాశే. ఈ రెండింటినీ "మానవ స్వభావం" అనే ఒకే గాటన కట్టడం వల్ల లాభపడేది ఆ రెండవవాడే.

1990లో ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశాల ఉమ్మడి వనరులను పరిశీలించి, నియమాలు తామే ఏర్పరచుకొన్నచోట జనం వాటిని తరతరాలుగా కాపాడుకొన్నారని నిరూపించారు. 2015లో తెలంగాణా ప్రభుత్వం మిషన్ కాకతీయ పేర చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నది. పూడిక తీయవచ్చును; కాని నీటిమీద ఊరికి హక్కూ బాధ్యతా తిరిగి రానిదే చెరువు నిలవదు.

భూగోళం పారిశ్రామిక యుగానికి ముందుకన్నా ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. 2023 జులైలో, రామప్ప వున్న ములుగు జిల్లాలోనే, ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అటువంటి వాన ముందు ఒంటరి బోరు రైతు ఏమి చేయగలడు? కట్టలు, అలుగులు, కాలువలు ఊరుమ్మడిగా చూసుకోవలసినవే.

కాబట్టి మనిషి మారతాడా అన్నది కాదు ప్రశ్న. అతడు చాలాసార్లు మారాడు. ఏ ఏర్పాటు అతనిని పక్కవానికి పోటీదారుగా నిలబెడుతున్నది, ఏ ఏర్పాటు తోడుగా నిలబెడుతుంది అన్నదే ప్రశ్న. స్వభావం మీద నెపం వేసినంతకాలం ఈ ప్రశ్న వేయవలసిన అవసరమే మనకు కనిపించదు.