వింటేజ్ కారు ప్రదర్శనకు వెళ్లాలంటే: చట్టం, యంత్రం, ప్రామాణికత

దేశంలో పాత కార్ల ప్రదర్శనలకు ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ‘ది స్టేట్స్‌మన్’ ఆంగ్ల దినపత్రిక 1964లో ఢిల్లీలో వింటేజ్, క్లాసిక్ కార్ల ర్యాలీని ప్రారంభించింది. 1968లో కోల్‌కతాలోనూ ర్యాలీ నిర్వహణకు శ్రీకారం చుట్టింది. 2008లో ముంబైలో మొదలైన కార్టియే సంస్థ ప్రదర్శన 2017లో హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా ప్యాలెస్ ఆవరణకు వచ్చింది. ఢిల్లీలో ‘21 గన్ సెల్యూట్’ పేరుతో మరో ప్రదర్శన 2011 నుంచి జరుగుతోంది. ఒకప్పుడు సంస్థానాధీశుల మోటారుఖానాలకే పరిమితమైన ఈ వేడుకల్లో ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ల ఫియట్‌లు, అంబాసిడర్‌లు కూడా వరుసలో నిలుస్తున్నాయి. అయితే షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన వాహనాన్ని మైదానం దాకా చేర్చడం అంత సులువు కాదు. కాగితాలు, ఇంధనం, విడిభాగాలు, నిపుణుడైన మెకానిక్కు, వీటిలో ఏది లోపించినా ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది.

స్టేట్స్‌మన్ ర్యాలీలో పలుమార్లు పాల్గొని బహుమతులు అందుకున్న వాహనాలలో ఒకటి అసలు కారే కాదు. అది అగ్నిమాపక శకటం. 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సమీపాన గల శాల్‌ఫర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ సంస్థ దానిని నిర్మించింది. కొనుగోలు చేసినది నిజాం స్టేట్ రైల్వే. దశాబ్దాల పాటు సేవలందించిన ఆ శకటం ఇప్పుడు న్యూఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. మ్యూజియం గేటు దాటి, స్వంత ఇంజనుతో నగర వీధుల్లో నడిచి రావడమే దాని ప్రత్యేకత. హైదరాబాద్ గడ్డకు చెందిన మరో ప్రసిద్ధ వాహనం, 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులకు కనిపిస్తుంది. వెనుక భాగంలో సింహాసనం వంటి ఆసనం అమర్చినందున దానికి సింహాసన కారు అనే పేరు వచ్చింది.

‘వింటేజ్’ అనే మాటకు అందరూ ఒకే అర్థం చెప్పరు. బ్రిటన్ సంప్రదాయంలో 1919 నుంచి 1930 వరకు తయారైన కార్లనే ఆ పేరుతో పిలుస్తారు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య ‘ఫివా’ 30 ఏళ్లు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉన్న వాహనాన్ని చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది. భారత ప్రభుత్వ నిబంధన వీటికి భిన్నమైనది. కనుక నిర్వాహకులు ఏ కొలమానాన్ని పాటిస్తున్నారో చూసుకున్న తరువాతే ప్రవేశపత్రం నింపడం మేలు. ఒక చోట క్లాసిక్ విభాగంలో నిలిచిన కారు మరొక చోట అసలు అర్హతే పొందకపోవచ్చు.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక విధానం తెచ్చింది. తొలి నమోదు తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీని పరిధిలోకి వస్తాయి. విదేశాల నుంచి దిగుమతి అయినవి కూడా అర్హమే. అయితే ఒక షరతు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగ్గ మార్పు చేయకుండా వాహనాన్ని అసలు రూపంలో నిలిపి ఉంచాలి. కొత్త నమోదుకు రుసుము రూ.20,000, పునర్నమోదుకు రూ.5,000. ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. దరఖాస్తుతో పాటు బీమా పత్రం, పాత ఆర్.సి., దిగుమతి వాహనమైతే కస్టమ్స్ పత్రం జతపరచాలి. రాష్ట్ర స్థాయిలో ఏర్పాటైన కమిటీ వాహనాన్ని పరిశీలించి అర్హత నిర్ణయిస్తుంది.

కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత ‘వీఏ’ అనే అక్షరాలు, ఆపై రెండక్షరాల శ్రేణి, చివర నాలుగంకెలు ఉంటాయి. ఇప్పటికే నమోదైన వాహనం మాత్రం తన పాత నంబరునే నిలుపుకోవచ్చు. ఈ వెసులుబాటు చిన్నదిగా కనిపించినా యజమానులకు ఎంతో విలువైనది. 1988 మోటారు వాహనాల చట్టానికి ముందు నాటి మూడక్షరాల నంబరు ఫలకం ఆ కారు చరిత్రలో భాగం. తాతగారి పేరు ఎంత గుర్తో ఆ నంబరూ అంతే గుర్తున్న కుటుంబాలు తెలుగునాట తక్కువేమీ కాదు.

వింటేజ్ నమోదు వల్ల కలిగే పరిమితిని కూడా యజమాని ముందే గ్రహించాలి. ఈ నమోదు పొందిన వాహనాన్ని నిత్య ప్రయాణాలకు గాని, వాణిజ్య అవసరాలకు గాని రోడ్డుపై నడపరాదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతు వంటి పనులకే అనుమతి. ఆదివారం పూట కుటుంబంతో గుడికి వెళ్లి రావడం ఇందులో లేదు. 1972 నాటి ఫియట్‌ను ఇప్పటికీ వాడుకుంటున్న కుటుంబానికి ఇది నిజమైన చిక్కు. సాధారణ ఆర్.సి.ని ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటూ తిరగడమా, వారసత్వ హోదా తీసుకుని ప్రదర్శనలకే పరిమితం కావడమా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. ఫిట్‌నెస్ ఉండి కారు రోజూ రోడ్డెక్కుతున్నంత కాలం మొదటి మార్గమే సబబు. షెడ్డు దాటని కారుకు రెండవది మేలు. జాతీయ రాజధాని ప్రాంతంలో మాత్రం పరిస్థితి వేరు. పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ విధించిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇతర రాష్ట్రాల నుంచి ఢిల్లీ ప్రదర్శనకు వెళ్లేవారు అక్కడి రవాణా అధికారుల నుంచి తాజా నిబంధనలు తెలుసుకున్నాకే బయలుదేరాలి.

చట్టం కోరే ‘అసలు రూపం’, న్యాయనిర్ణేతలు కోరే ‘ప్రామాణికత’ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. మన దేశంలో చాలామంది యజమానులు పొరబడేది ఇక్కడే. మెరిసే రంగు, కొత్త క్రోమ్ పూత, ఖరీదైన తోలు సీట్లు ఉంటే బహుమతి ఖాయమని భావిస్తారు. నిర్ణేతలు మాత్రం ఛాసిస్ ఫలకం మీది సంఖ్య, ఇంజను సంఖ్య పాత పత్రాలతో సరిపోలుతున్నాయా, ఆ ఏడాది ఆ మోడల్‌కు ఆ రంగు ఉండేదా, దీపాలు, హారన్, మీటర్లు ఆ కాలానివేనా అని చూస్తారు. ఫివా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ సారాంశం కూడా ఇదే: కొత్తగా మార్చడం కన్నా ఉన్నదానిని కాపాడటం మేలు, మార్పు తప్పనిసరైతే తిరిగి తీసివేయగలిగేలా ఉండాలి. నెరిసిన రంగుతో, అరిగిన సీటుతో ఉన్న కారు అసలు కర్మాగార రూపాన్ని నిలుపుకుని ఉంటే, అద్దంలా మెరిసే పునర్నిర్మిత వాహనం కన్నా దాని చారిత్రక విలువే ఎక్కువ. ఒకసారి గీకివేసిన తొలి రంగు ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాదు.

ఇక యంత్రం సంగతి. ఏళ్లుగా కదలని ఇంజనును వెంటనే స్టార్ట్ చేయబోవడం ప్రమాదకరం. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూస్తారు. పట్టేసిన పిస్టన్ రింగులను బలవంతంగా కదిలిస్తే అవి విరుగుతాయి, లేదా సిలిండరు గోడలపై గీతలు పడతాయి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉంటుంది. ఈ విషయం తెలియని మెకానిక్కు నేటి పద్ధతిలో తీగలు తగిలిస్తే విద్యుత్ పరికరాలు దెబ్బతింటాయి.

అన్నిటికన్నా పెద్ద సమస్య ఇప్పుడు పెట్రోలులోనే ఉంది. దేశంలో 20 శాతం ఇథనాల్ మిశ్రమ లక్ష్యం 2025లో నెరవేరింది. ముడిచమురు దిగుమతుల దృష్ట్యా దానికి ప్రయోజనాలు ఉన్నా, ఆ కార్లు తయారైన నాడు ఇటువంటి ఇంధనాన్ని ఎవరూ ఊహించలేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిలిచిపోతే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజనుకు ఇంధనం వెళ్లే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. ట్యాంకు లోపల తుప్పు, పాత రబ్బరు గొట్టాల ఉబ్బు, గ్యాస్కెట్ల కారుడు ఆ వెంటే మొదలవుతాయి. కొన్ని పాత కార్బ్యురేటర్లలో బెండుతో చేసిన ఫ్లోట్‌కు లక్క పూత ఉంటుంది. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి కలపకు పాలిష్ పెట్టడం మనకు తెలిసిందే; అదే గుణం వల్ల ఇథనాల్ ఆ పూతను కరిగిస్తుంది. పూత పోయిన బెండు పెట్రోలు పీల్చుకుని మునుగుతుంది, ఇంధనం పొంగి పొర్లుతుంది. వేడెక్కిన ఇంజను పక్కన అది అగ్నిప్రమాదమే. అందువల్ల ప్రదర్శనకు ముందు గొట్టాలను ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చడం, ప్రయాణానికి సరిపడా మాత్రమే ఇంధనం నింపడం, తిరిగి వచ్చాక ట్యాంకు ఖాళీ చేయడం తప్పనిసరి జాగ్రత్తలు. గొట్టం మారిస్తే ప్రామాణికతకు లోటు అని సందేహించనక్కరలేదు. భద్రతకు సంబంధించినది, తిరిగి తీసివేయగలిగినది ఎప్పుడూ సమర్థనీయమే.

ఎండ మరొక శత్రువు. ఫోర్డ్ మోడల్ టీ, తొలి ఆస్టిన్ సెవెన్ వంటి కార్లలో రేడియేటర్‌కు నీటి పంపు ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైకి, చల్లబడినది కిందికి దానంతట అదే తిరుగుతుంది. ఊరేగింపులో గంటల తరబడి నత్తనడక నడిస్తే ఈ ఏర్పాటు చాలదు, రేడియేటర్ మరుగుతుంది. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజను ఆగిపోవడం కూడా ఉంటుంది. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారనివ్వడం మెకానిక్కుల పాత ఉపాయం. చెక్క చక్రాల కార్లకు పొడి వాతావరణం పడదు. ఎండాకాలంలో ఎడ్లబండి చక్రం వదులైనట్లే వీటి ఆకులు కూడా వదులవుతాయి. టైర్లకు గాట్లు లేకపోయినా వయసు మీరితే రబ్బరు పెళుసవుతుంది.

దూరప్రాంతాలకు కారును లారీ మీద తరలించడమే వివేకం. పట్టీలను బాడీకి, బంపరుకు కాక ఇరుసులకు లేదా చక్రాలకు బిగించాలి. కారుపై వదులుగా గుడ్డ కప్పడం సాధారణంగా జరిగే తప్పు. దారి పొడవునా గాలికి అది రెపరెపలాడి, దుమ్ముతో కలిసి రంగును గీకివేస్తుంది.

మైదానంలో నిర్ణేతల ఎదుట ఇంజను స్టార్ట్ చేసి చూపాలి. 1912లో కాడిలాక్ విద్యుత్ స్టార్టరును ప్రవేశపెట్టడానికి ముందు కార్లన్నిటికీ హ్యాండిల్ తిప్పడమే ప్రధాన మార్గం. ఇగ్నిషన్ మీటను వెనుకకు జరపకుండా తిప్పితే హ్యాండిల్ ఎదురు తన్నుతుంది, మణికట్టు విరుగుతుంది. బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి, కిందికి నొక్కకుండా పైకి లాగడం పాత డ్రైవర్లు నేర్పిన పద్ధతి. మోడల్ టీలో కాలి కింద మూడు పెడల్స్ ఉన్నా నేటి కార్ల పద్ధతి అక్కడ పనికిరాదు: ఎడమది గేరుకు, మధ్యది వెనుకకు నడపడానికి, కుడిది బ్రేకుకు. వేగం పెంచేది స్టీరింగ్ కింది మీట. జనం గుమిగూడిన చోట అలవాటు కొద్దీ కుడి పెడల్ తొక్కితే కారు ఆగుతుంది, అది అదృష్టమే. మధ్యది తొక్కితే మాత్రం వెనుక నిలుచున్నవారికి ముప్పు. కొన్ని ర్యాలీలలో కారు కాలానికి తగిన దుస్తులు ధరించి రావడం ఆనవాయితీ. ఇంజను కన్నా తలపాగాకే ఎక్కువ ఫొటోలు తీయడం కూడా ఆనవాయితీగానే మారింది.

చట్టం చెప్పిన 50 ఏళ్ల గడువు ప్రతి ఏటా ముందుకు జరుగుతుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పరాలో తయారైన అంబాసిడర్‌లలో 1975 వరకు వచ్చిన మార్క్ 2 కార్లు ఇప్పుడు ఆ గీత దాటాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు, ప్రీమియర్ ఫియట్‌లు అదే వరుసలో ఉన్నాయి. ఒకప్పుడు ప్రతి కలెక్టరేటు ముందు, ప్రతి టాక్సీ స్టాండులో కనిపించిన ఈ కార్లలో చాలావరకు తుక్కు దుకాణాలకు చేరిపోయాయి. వింటేజ్ నమోదు ఉన్న వాహనాన్ని విక్రయించవచ్చు. ఆ సంగతిని రాష్ట్ర రవాణా అధికారులకు తెలియజేయాలి. పెద్దల తరువాత వాహనం వారసులకు సంక్రమించినప్పుడు పాత ఆర్.సి., తొలి కొనుగోలు రసీదు, బీమా కాగితాలు, ఇంటి ముంగిట తీసుకున్న పాత ఫొటోలు సైతం కారు పూర్వాపరాలను నిరూపించే సాక్ష్యాలవుతాయి. గరాజు శుభ్రం చేసేటప్పుడు ముందుగా చెత్తబుట్టలో పడేవీ అవే.