కానుకగా వచ్చిన నకిలీ కాసు

తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాల్లో పాత వస్తువుకు ఉండే గౌరవం ప్రత్యేకమైనది. శాసనాలు, దానపత్రాలు అందరి ఇళ్లలోనూ ఉండవు. పూర్వులు ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చారో చెప్పడానికి చాలామందికి మిగిలేవి ఇంటిపేరు, ఇలవేల్పు, పెద్దల మాట మాత్రమే. అటువంటి ఇంట్లో ఒక పాత నాణెం కనిపిస్తే అది ఆస్తికంటె విలువైనదిగా తోచడం సహజం. ఈ మమకారాన్నే ఆసరాగా చేసుకొని ఒక రకం నకిలీ నాణేలు కానుకల రూపంలో మన ఇళ్లలోకి వచ్చి చేరాయి.

వాటిని చాలామంది చూసే ఉంటారు. రాగి లేదా ఇత్తడి బిళ్ల. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా లేదా ఒక అణా అన్న విలువ, 1818 అన్న సంవత్సరం. కొన్నిటిపై 1616, 1717 అని కూడా ఉంటుంది. కొన్నిటిపై ‘యు.కె.ఎల్.’ అన్న అక్షరాలు ఉంటాయి. తీర్థయాత్రకు వెళ్లినవారు భక్తితో కొని తెస్తారు. గృహప్రవేశానికో, షష్టిపూర్తికో, నాణేలు పోగుచేసే మనవడికో ఇస్తారు. మా పీఠానికి కూడా ఒక పెద్దాయన ఇటువంటి బిళ్లను అందజేశారు. తమ పూర్వులు వలస వచ్చినప్పుడు మొలలో కట్టుకొని తెచ్చినదని ఆయన విన్నారు, నమ్మారు. ఇచ్చినవారి మనసులో కల్మషం లేదు. కాని బిళ్ల మీది రాత మాత్రం అబద్ధం.

అది అబద్ధమని ఎలా తెలుస్తుంది? నాణెం మీద నాలుగు సాక్ష్యాలుంటాయి: సంవత్సరం, జారీచేసినవారి పేరు, విలువ, లిపి. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాలి.

మొదట సంవత్సరం చూద్దాం. 1616 నాటికి కంపెనీకి ఇక్కడ ఉన్నవి మచిలీపట్నం వంటి రేవుల్లో వర్తకపు కోఠీలు మాత్రమే. మచిలీపట్నంలో 1611లో అడుగుపెట్టిన ఆ వర్తకులకు మద్రాసు దక్కింది 1639లో. 1717లో ఫరూఖ్‌సియర్ చక్రవర్తి బొంబాయి టంకశాలకు ఇచ్చిన అనుమతి కూడా మొగలు చక్రవర్తి పేరిట రూపాయలు కొట్టడానికే. ఇక 1818 మన చరిత్రలో నిజంగానే ముఖ్యమైన సంవత్సరం. అప్పటిదాకా మద్రాసు రాజధానిలో లెక్క వరహాలలో సాగేది. ఎనభై కాసులు ఒక రూక, నలభైరెండు రూకలు ఒక వరహా. 1818లో వరహా స్థానంలో వెండి రూపాయిని ప్రమాణంగా నిర్ణయించారు. వంద వరహాలకు మూడువందల యాభై రూపాయలు మారకం. దేశమంతటికీ ఒకే తీరు కంపెనీ నాణేలు వచ్చింది 1835లో. ఒక అణా నాణెం దేశమంతటా చెల్లుబడికి వచ్చింది 1906 నాటి నాణేల చట్టం తరువాత. కాబట్టి 1818 నాటి ‘ఒక అణా’ నాణెం పుట్టడానికి తావే లేదు.

మరి దేవుళ్ల బొమ్మల మాటేమిటి? అక్కడే నకిలీదారు తెలివి ఉంది. విజయనగర రాజుల వరహాలపై దేవతామూర్తులుండేవి. పెనుగొండ నుంచి పాలించిన తిరుమలరాయల వరహాపై సీతారాములు కూర్చుని, లక్ష్మణుడు నిలుచుని కనిపిస్తారు. దక్షిణాన వాడుకలో ఉన్న సంప్రదాయాన్ని కంపెనీ కూడా అనుసరించి, విష్ణుమూర్తి ఉన్న వరహాలను ముద్రించింది. ఇవి కాక, పూజకోసం చేసిన ‘రామటంకాలు’ వేరుగా ఉన్నాయి. అవి చలామణీ కోసం చేసినవి కావు. నకిలీదారు ఈ నిజాలన్నిటినీ కలగాపులగం చేసి, గుడి బిళ్లమీద కంపెనీ పేరు చెక్కాడు.

నాలుగో సాక్ష్యమైన లిపి మన విద్యార్థులకు మరీ ముఖ్యం. 1807–08 ప్రాంతంలో మద్రాసులో ముద్రించిన పావు వరహా, అర వరహా వెండి నాణేలపై ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, మరొకవైపు విష్ణుమూర్తి ఉంటాయి. చుట్టూ విలువను ఇంగ్లీషు, పారశీ, తమిళం, తెలుగు లిపుల్లో చెక్కారు. ఇప్పటి ఒడిశాలోని బరంపురం 1936 దాకా, ఇప్పటి కర్ణాటకలోని బళ్లారి 1953 దాకా మద్రాసు రాజధాని పరిధిలోవే. 1906 చట్టం తరువాత వచ్చిన అణా నాణెం మరీ దూరం వెళ్లింది. దానిపై విలువ ఉర్దూ, నాగరి, బెంగాలీ లిపులతోపాటు తెలుగులోనూ ఉంది. షోలాపూరు మగ్గాల దగ్గర కూలి తీసుకొన్న చేతిలో కూడా తెలుగు అక్షరం ఉండేదన్నమాట.

అయితే తెలుగు లేనంత మాత్రాన ప్రతి నాణెమూ నకిలీది కాదు. ఉత్తర సర్కారులకోసం 1794లో ఇంగ్లండులో ముద్రించిన రాగి నాణెంపై, రూపాయికి నలభై ఎనిమిది అన్న విలువ ఇంగ్లీషులోనే ఉంది. 1835 నాటి అర్ధణాపై ఇంగ్లీషు, పారశీలే ఉన్నాయి. ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పరాదు. నాలుగు సాక్ష్యాలనూ కలిపి విచారించాలి.

ఇటువంటి బిళ్లకు మహిమ అంటగట్టినప్పుడు నష్టం ఇంకా పెద్దది. బియ్యపు గింజలను ఆకర్షిస్తుందని చెప్పి ‘రైస్ పుల్లింగ్’ పేరిట సాగిన మోసాల్లో లక్షలు పోగొట్టుకొన్నవారున్నారు. ఆ డబ్బును ఎప్పుడైనా తిరిగి సంపాదించుకోవచ్చునేమో. చరిత్రకు జరిగే నష్టం అంత సులువుగా తీరదు. పెద్దాయన చెప్పిన వలస నిజమే కావచ్చు. ఆ నిజానికి నకిలీ బిళ్లను రుజువుగా నిలబెడితే, బిళ్ల బయటపడిన రోజున వలస కూడా కట్టుకథ అనిపించుకొంటుంది. దొంగసాక్షి వల్ల న్యాయమైన దావా ఓడిపోవడమంటే ఇదే.

నిజమైన సాక్షులు మన నోళ్లలోనే ఉన్నారు. డబ్బు, దుడ్డు, కాసు అన్నవి ఒకప్పుడు నాణేల పేర్లు. ఇప్పుడు తెలుగువారికి డబ్బు, కన్నడిగులకు దుడ్డు, తమిళులకు కాసు ధనానికి సామాన్యనామాలు. కానీ, బేడ, పావలా అన్న మాటలను ఏ సందర్భంలో వాడేవారో మీ ఇంటి పెద్దలను అడిగి రాసుకోండి. పాత చిఠ్ఠాలు, ఇంటి లెక్కల పుస్తకాలు ఉంటే వాటిలోని పేర్లు, తేదీలు, కొలతలు నకలు తీయండి.

ఇక చేతికి వచ్చిన బిళ్లను ఏంచేయాలి? ఇచ్చినవారిని చిన్నబుచ్చనక్కరలేదు. రాముడి రూపంగా పూజామందిరంలో ఉంచుకొంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్ని 1818 నాటిదని చెప్పి మరొకరికి కానుకగా ఇవ్వడం, అమ్మడం మాత్రం కూడదు. మా పీఠంలో ఉన్న బిళ్ల పక్కన చీటీపై ‘ఆధునికమైన నకిలీ నాణెం, అభిమానంతో ఇచ్చిన కానుక’ అని రాయించాం. ఆ పెద్దాయన చెప్పిన వలస కథను విడిగా, వారి మాటల్లోనే నమోదు చేశాం. పరిశోధనకు పనికివచ్చేది ఆ రెండోదే.