ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్: ఆరోగ్య లబ్ధిని లెక్కించేది ఎలా?

రహదారి విస్తరణ ప్రతిపాదనల్లో ఆదా అయ్యే సమయాన్ని, ఇంధనాన్ని రూపాయల్లో చూపడం పరిపాటి. ఫుట్‌పాత్‌కు, సైకిల్ ట్రాక్‌కు అలాంటి లెక్క లేకపోతే నిధుల కేటాయింపులో అవి వెనుక వరుసలోనే ఉండిపోతాయి. ఈ లోటు తీర్చేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం రూపొందించిన గణన సాధనమే ‘హీట్’.

వారానికి 168 నిమిషాలు నడిచేవారిలో మరణ ముప్పు సుమారు 11 శాతం, 100 నిమిషాలు సైకిల్ తొక్కేవారిలో 10 శాతం తక్కువని పలు అధ్యయనాలను క్రోడీకరించి తేల్చారు. హీట్‌కు ఇదే ఆధారం. వ్యవధి సగమైతే లబ్ధీ సగమే. కొత్త ఫుట్‌పాత్ వల్ల 10,000 మంది వారానికి 84 నిమిషాలు అదనంగా నడుస్తున్నారనుకుందాం. వారిలో ఏటా వెయ్యికి నలుగురు మరణిస్తుంటే, 40 మరణాల్లో 5.5 శాతం, అంటే రెండుకు పైగా తగ్గుతాయి. వాటికి ద్రవ్య విలువ కట్టి నిర్మాణ వ్యయంతో పోలుస్తారు.

ఇందులో కీలకం ‘అదనంగా’ అన్న మాట. పక్క రోడ్డు వదిలి ట్రాక్ మీదికి మళ్లిన వ్యక్తికి వ్యాయామం పెరగలేదు. అతడిని కూడా లెక్కలో చేరిస్తే అంచనా ఉబ్బిపోతుంది. భారతీయ నగరాల్లో ఇంకో చిక్కు ఉంది. కూలీలు, విద్యార్థులు, బస్సు ప్రయాణికులు గత్యంతరం లేక ఇప్పటికే నడుస్తున్నారు. ఫుట్‌పాత్ వారికిచ్చేది ప్రధానంగా ప్రమాదాల నుంచి రక్షణ. వ్యాయామాన్ని మాత్రమే కొలిచే అంచనాకు వారు కనిపించరు.

కలుషితమైన గాలి మాటేమిటన్న సందేహం సహజమే. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ధూళి కణాలు 100 మైక్రోగ్రాములున్న చోట, రోజుకు గంటన్నర దాటి సైకిల్ తొక్కితేనే నష్టం లాభాన్ని మించుతుందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. నడకకైతే ఆ పరిమితి పది గంటలకు పైనే.

లండన్, ఢిల్లీలపై 2009లో ‘లాన్సెట్’ ప్రచురించిన పరిశోధన మరింత ఆసక్తికరం. నడక, సైకిల్ ప్రయాణాలు పెరిగితే పది లక్షల జనాభాకు ఏడాదిలో లండన్‌లో దాదాపు 7,300, ఢిల్లీలో 12,500 ఆరోగ్యకర జీవిత సంవత్సరాలు దక్కుతాయని అందులో అంచనా వేశారు. తక్కువ కాలుష్యం వెదజల్లే వాహనాల వల్ల దక్కేది ఇంతకంటే చాలా తక్కువ. రోడ్డు ప్రమాదాల గాయాలు మాత్రం లండన్‌లో పెరుగుతాయని, మోటారు వాహనాల రద్దీకి కళ్లెం పడుతుందన్న షరతు మీద ఢిల్లీలో తగ్గుతాయని ఆ లెక్క చెప్పింది.