కుందేలును చూసి జడుసుకున్న పిల్లవాడు

కటకటాల మంచంలో కూర్చుని పీటర్ బొమ్మలతో ఆడుకుంటున్నాడు. వయసు 2 ఏళ్ళ 10 నెలలు. వెనక నుంచి ఒక తెల్ల ఎలుకను మెల్లగా మంచంలోకి వదిలారు. తిరిగి చూశాడు. ఒక్క కేక పెట్టి వెల్లకిలా పడ్డాడు. వెంటనే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. అదే మంచంలోకి బార్బరా అనే పిల్ల వచ్చి, ఆ ఎలుకనే చేతిలోకి తీసుకుని ఆడుకుంది. పీటర్ కళ్ళప్పగించి చూస్తున్నాడు. అతని పూసల దండ మంచంలోనే ఉండిపోయింది. బార్బరా దాన్ని ముట్టుకుంటే పలకడు. ఎలుక ముట్టుకుంటే మాత్రం "నా పూసలు" అని గునుస్తాడు. ఎంత జడుసుకున్నా సొత్తు సొత్తే!

ఇది న్యూయార్క్‌లో, మేరీ కవర్ జోన్స్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కళ్ళముందు జరిగింది. అంతకుముందే జాన్ వాట్సన్, రోజలీ రేనర్ కలిసి ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొట్టి కొట్టి భయం నేర్పారు. 1920లో అచ్చయిన ఆ ప్రయోగం లోకమంతా మోగిపోయింది. నేర్పిన భయాన్ని తియ్యకముందే ఆల్బర్ట్‌ను అక్కడి నుంచి తీసుకెళ్ళిపోయారు. రేనర్ మేరీకి కాలేజీ నాటి స్నేహితురాలు. వాట్సన్ ఉపన్యాసం విన్న మేరీకి పట్టుకున్న ప్రశ్న వేరు: పెట్టగలిగిన భయాన్ని తియ్యలేమా?

పీటర్‌కు ఎలుకే కాదు, కుందేలన్నా, బొచ్చు కోటన్నా, ఈకలన్నా, చివరికి దూదన్నా భయమే. ఎలుక కంటే కుందేలంటే ఎక్కువ. అందుకే మేరీ కుందేలునే ఎంచుకుంది. మొదట, భయంలేని పిల్లల మధ్య పీటర్‌ను ఆడించింది. రోజురోజుకీ కాస్త ధైర్యం వస్తోంది. అంతలో స్కార్లెట్ జ్వరం. రెండు నెలలు ఆస్పత్రిలో. నయమై బయటికి వచ్చి, నర్సుతో టాక్సీ ఎక్కబోతుంటే ఒక పెద్ద కుక్క మీదికి దూకింది. నర్సు హడలిపోయింది. నీరసంగా ఉన్న పిల్లవాడు ఇంకా హడలిపోయాడు. తిరిగొచ్చేసరికి పాత భయం రెట్టింపై కూర్చుంది.

మన ఊరు ఖానాపురం హవేలిలోనైతే, పిల్లవాడు జడుసుకున్నాడని తాయెత్తు కట్టించేవాళ్ళం, లేదా దర్గాకు తీసుకెళ్ళి నెమలి పింఛంతో తుడిపించేవాళ్ళం. "వాడే మర్చిపోతాడులే" అనేవాళ్ళూ ఉంటారు. "మగపిల్లాడివి, సిగ్గులేదూ" అని వెక్కిరించేవాళ్ళకైతే లోటే లేదు. వదిలెయ్యడం, మాటలతో నచ్చజెప్పడం, తోటిపిల్లలు గేలిచెయ్యడం... వీటినీ మేరీ వేరే పిల్లల దగ్గర పరీక్షించి చూసింది. పెద్దగా పనిచెయ్యలేదు. వెక్కిరింత అసలే పనికిరాలేదు.

పీటర్ దగ్గర కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి ఇస్తారు. అతను తింటుండగా, పంజరంలో కుందేలును తెచ్చి దూరంగా పెడతారు. తిండి ఆపకుండా తినగలిగినంత దగ్గరికే తెస్తారు, అంతకుమించి అంగుళం కూడా కాదు. తొందరపడితే కథ అడ్డం తిరుగుతుంది, కుందేలు భయం పోవడానికి బదులు ఆ తిండంటేనే భయం పట్టుకోవచ్చు. ఈ ప్రమాదాన్ని మేరీయే రాసిపెట్టింది. నాకైతే ఆమె పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది.

12 అడుగుల దూరంలో పంజరం. తర్వాత 4 అడుగులు. తర్వాత 3. ఆపైన పక్కనే. ఇక పంజరం తలుపు తీసి గదిలో వదిలారు. మేరీ పట్టుకుంటే పీటర్ వేలితో తాకాడు. ఒకరోజు కుందేలును మొయ్యడానికి సాయం పట్టబోయి చిన్న గీరు పడితే, ధైర్యంలో కొన్ని మెట్లు కిందికి జారాడు. మళ్ళీ ఎక్కించారు. చివరికి కుందేలును ఒళ్ళో పెట్టుకున్నాడు, వేళ్ళను కొరుకుతుంటే కొరకనిచ్చాడు. కుందేలంటే ఇష్టమని తనే చెప్పాడు. దూది, ఈకలు, బొచ్చు కోటు భయాలు కూడా వాటంతటవే జారిపోయాయి. వానపాముల కుప్పను చూపిస్తే, మొదట కాస్త వెనక్కి జరిగినా తర్వాత బెదరలేదు.

1924లో ఈ కథ అచ్చయింది. భయం పెట్టిన వాట్సన్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. తీసినామెను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1958లో దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్ప్, భయాన్ని మెట్లుమెట్లుగా దించే చికిత్స మీద పుస్తకం రాశాడు. ప్రవర్తనా చికిత్సకు తల్లి మేరీయే అన్నది ఆయనే. 1960లలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ మనిషి తనలో తాను అనుకునే మాటల మీద దృష్టి పెట్టాడు. ఈ రెండు దారులూ కలిసే నేటి కౌన్సెలింగ్ గదికి వచ్చాయి. లిఫ్టంటే భయపడే మనిషిని ముందు లిఫ్టు ఎదురుగా నిలబడమంటారు, లోపలికి తోసెయ్యరు.

చికిత్స అయ్యాక పీటర్ ఇంటికి వెళ్ళిపోయాడు. మేరీకి దిగులు మిగిలింది. ఇంటి పరిస్థితులు బాగాలేవు. బిడ్డను అదుపులో పెట్టడానికి వాళ్ళమ్మకు తెలిసిన దారి బెదిరింపే: లోపలికి రా పీటర్, నిన్నెవరో ఎత్తుకుపోవాలని చూస్తున్నారు. చీకటి పడ్డాక మన వీధుల్లోనూ ఈ మాటే. ఒకరింట్లో ఎత్తుకుపోయేవాడు బూచోడు, ఇంకొకరింట్లో పోలీసు, మరొకరింట్లో సూదేసే డాక్టరు. రేపు జ్వరమొస్తే పిల్లవాణ్ణి ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాలి.