రోడ్డెక్కిన వేషం

1845 ఆగస్టు 7న న్యూయార్క్ రాష్ట్రంలోని ఆండీస్ అనే కొండ ఊళ్ళో మోజెస్ ఎర్ల్ అనే రైతు పశువులు వేలానికొచ్చాయి. భూస్వామికి కట్టాల్సిన కౌలు బాకీ పడ్డాడు. వేలం వేయించడానికి వచ్చిన షెరీఫ్ మనుషులకు పొలం నిండా విచిత్రమైన గుంపు కనిపించింది. ఒంటి మీద పూల అద్దకం గుడ్డతో కుట్టిన పొడుగాటి గౌన్లు, మొహాలకు గొర్రెతోలు ముసుగులు, చేతుల్లో తుపాకులు. వాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ రైతులే. మాటా మాటా పెరిగి తుపాకులు పేలాయి. అండర్ షెరీఫ్ ఓస్మన్ స్టీల్ చనిపోయాడు.

గౌన్లు తొడుక్కున్న ఈ రైతులను 'క్యాలికో ఇండియన్లు' అనేవారు. హడ్సన్ నది లోయలో అప్పటికి మన జమీందారీలాంటి వ్యవస్థే నడుస్తోంది. కొన్ని ఎస్టేట్లలో కౌలుదారు ఏటా ఇన్ని గోధుమలు, నాలుగు బలిసిన కోళ్ళు, గుర్రాలూ బండితో సహా ఒక రోజు వెట్టి ఇచ్చుకోవాలి. 1839లో స్టీఫెన్ వాన్ రెన్సలేర్ అనే పెద్ద భూస్వామి పోయాడు. పెద్దాయన చూసీ చూడనట్టు వదిలేసిన పాత బాకీలన్నిటినీ వారసులు ఒక్కసారిగా వసూలు చేయబోయారు. రైతులు తిరగబడ్డారు. అన్నానికి పిలవడానికి ఇళ్ళల్లో ఊదే రేకు బూర, షెరీఫ్ వస్తున్నాడని హెచ్చరించే బూర అయింది. ఎవరు ఎవరో తెలియకుండా ఉండటానికి ముసుగూ గౌనూ వచ్చాయి.

వీళ్ళను అణచడానికి 1845 జనవరిలోనే శాసనసభ ఒక చట్టం చేసింది. మొహానికి రంగు పూసుకుని, ముసుగు కప్పుకుని, మరే రకంగానైనా గుర్తుపట్టడానికి వీల్లేకుండా వేషం మార్చుకుని రోడ్డు మీద, పొలంలో, అడవిలో తిరిగేవాణ్ణి పట్టుకోవచ్చు. అతను దేశదిమ్మరి కింద లెక్క.

రైతుల గొడవ త్వరగానే చల్లారింది. 1846 నాటి కొత్త రాజ్యాంగం వ్యవసాయ కౌళ్ళకు 12 ఏళ్ళ గడువు పెట్టింది. జైళ్ళలో ఉన్నవాళ్ళకు 1847లో కొత్త గవర్నరు క్షమాభిక్ష ఇచ్చాడు. చట్టం మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. 1876లో దానికి ఒక మినహాయింపు కలిపారు: పోలీసుల అనుమతితో జరిగే మారువేషాల విందులకు ఇది వర్తించదు. అంటే డబ్బున్నవాళ్ళు హాల్లో వేసే వేషానికి అడ్డు లేదు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళ పాటు ఆ చట్టానికి ఎక్కువగా దొరికినవాళ్ళు ఆడ దుస్తుల్లో వీధిలోకి వచ్చిన మగవాళ్ళు.

మిగతా నగరాలు ఇంత చుట్టుతిరుగుడు లేకుండా సూటిగానే రాసుకున్నాయి. ఒహాయోలోని కొలంబస్ 1848లో, శాన్‌ఫ్రాన్సిస్కో 1863లో, ఆ తర్వాత పదుల కొద్దీ ఊళ్ళు, తమ లింగానికి చెందని దుస్తుల్లో బహిరంగ స్థలంలో కనిపించడం నేరమన్నాయి. ఇవి మగవాళ్ళ మీదే కాదు, ప్యాంటు తొడిగిన ఆడవాళ్ళ మీదా పనిచేశాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ బానే కప్పలు పట్టి రెస్టారెంట్లకు అమ్మి బతికేది. మోకాలి లోతు బురదలో దిగే పనికి పాదాల దాకా జారే గౌను ఎలా కుదురుతుంది? మగ దుస్తులే వేసుకునేది. పోలీసులు మళ్ళీ మళ్ళీ పట్టుకున్నారు, ఆమె మళ్ళీ మళ్ళీ జరిమానా కట్టింది. 1876లో ఊరి బయట ఒక బసలో ఎవరో ఆమెను తుపాకితో కాల్చి చంపారు. అమెరికా అంతర్యుద్ధంలో సర్జన్‌గా పనిచేసి మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్న డాక్టర్ మేరీ వాకర్‌కూ ప్యాంటు వేసుకున్నందుకు వీధిలో అరెస్టులు తప్పలేదు.

పారిస్‌ది ఇంకో పద్ధతి. అక్కడ 1800 సంవత్సరం నుంచి మగ దుస్తులు వేసుకోవాలనుకున్న స్త్రీ పోలీసు కార్యాలయం నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. గుర్రాల బొమ్మలకు పేరుపడ్డ చిత్రకారిణి రోజా బోనర్ 1857లో తీసుకున్న పత్రం ఇప్పటికీ ఉంది. కారణం ఆరోగ్యం, గడువు ఆరు నెలలు, డాక్టరు సంతకం తప్పనిసరి. నాటకశాలలకూ విందులకూ మాత్రం ఆ దుస్తుల్లో పోకూడదు. గుర్రాల సంతలో బేరగాళ్ళ మధ్య నిలబడి బొమ్మ గీసుకోవాలంటే ఆమెకు ఆ కాగితం కావాలి. 1892లోనూ 1909లోనూ ఈ నిబంధనను కాస్త సడలించారు: స్త్రీ చేతిలో సైకిల్ హ్యాండిల్‌గానీ గుర్రం కళ్ళెంగానీ ఉంటే ప్యాంటు నేరం కాదు. సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతే ఫరవాలేదు, గోడకు ఆనించి కొట్లోకి వెళితేనే చిక్కు. ఈ ఆజ్ఞకు ఇక విలువ లేదని ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించింది 2013లో.

అమెరికాలో ఇళ్ళకు కార్లు వచ్చాక వేషం వేసుకునేవాళ్ళకు ఒక వెసులుబాటు దొరికింది. నలుగురి కళ్ళ ముందు నడవనక్కర్లేకుండా తలుపులు మూసుకుని ఊరు దాటొచ్చు. కానీ టైరు పంక్చరైనా, ఇంజను ఆగినా, ఎదురుబండి గీసుకుపోయినా ముందుగా వచ్చేది పోలీసే. అడిగేది లైసెన్సే. దాని మీద ఉన్నది మగ పేరు, స్టీరింగు ముందు కూర్చున్నది విగ్గూ లిప్‌స్టిక్కూ ఉన్న మనిషి. మామూలు డ్రైవరుకు అరగంట ఆలస్యంతో పోయే సంగతి ఇక్కడ ఉద్యోగం దాకా, పెళ్ళాం బిడ్డల దాకా పోతుంది.

ఈ భయంతోనే వారాంతాల్లో న్యూయార్క్ నగరం నుంచి క్యాట్‌స్కిల్ కొండలకు కొందరు ప్రయాణం కట్టేవారు. 1950ల చివర్లో, 60ల్లో అక్కడ సుసానా వాలెంటి, ఆమె భార్య మరియా కలిసి చిన్న విడిది నడిపారు. మరియాకు నగరంలో విగ్గుల దుకాణం ఉండేది. ముందు ఆ విడిది పేరు 'షెవాలియే దియోన్ రిసార్ట్'. జీవితంలో కొంత భాగం మగవాడిగా, కొంత భాగం స్త్రీగా గడిపిన 18వ శతాబ్దపు ఫ్రెంచి రాయబారి పేరది. తర్వాత దగ్గర్లోనే ఇంకో చోట 'కాసా సుసానా' వెలిసింది. వచ్చేవాళ్ళలో చాలామంది పెళ్ళయి ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్ళు. గౌన్లు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చి, గేటు దాటాక తొడుక్కునేవారు.

అక్కడ తీసుకున్న ఫొటోలు చాలా ఏళ్ళ తర్వాత మన్‌హాటన్‌లో పాత సామాన్ల సంతలో బయటపడి, 2005లో పుస్తకంగా వచ్చాయి. అందులో అర్ధరాత్రి వినోదాలేమీ లేవు. ఇంటి గౌన్లలో స్క్రాబుల్ ఆడుతున్నవాళ్ళు, కాఫీ కప్పులతో సోఫాల్లో కూర్చున్నవాళ్ళు, మంచులో కోటు వేసుకుని నిలబడ్డవాళ్ళు. రీలు బయట స్టూడియోకు ఇస్తే ఫిర్యాదు పోతుందన్న భయంతో సభ్యుల్లో ఒకరే ఇంట్లో ఫొటోలు కడిగేవారు. ఈ విడిది ఉన్నదీ, 1845లో రైతులు గౌన్లతో తుపాకులు పట్టిందీ ఒకే కొండల్లో. ఆ రైతుల మీద రాసిన చట్టమే ఇన్నేళ్ళ తర్వాత ఈ అతిథుల దారి కాసింది.

అది కాగితం మీది భయమే అనుకోవడానికి లేదు. 1960ల్లో ఒక తెల్లవారుజామున నాలుగు గంటల వేళ న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లో తెల్ల గౌను, హైహీల్స్, బంగారు రంగు విగ్గు వేసుకున్న ఒక వ్యక్తి పోలీసును దాటుతూ కన్నుకొట్టాడు. నువ్వు అబ్బాయివా అమ్మాయివా అని పోలీసు అడిగాడు. అమ్మాయినే అన్న జవాబుతో అరెస్టయ్యాడు. ఆర్చిబాల్డ్ కేసుగా పేరుపడిన ఈ వ్యవహారంలో 1968లో పై కోర్టు శిక్షను ఖాయం చేసింది. కౌలు రైతుల మీద తెచ్చిన చట్టాన్ని ఇలా వాడటమేమిటని బెంచిలో వచ్చిన అభ్యంతరం మైనారిటీలో పడిపోయింది.

వీధిలో చిక్కు తప్పించుకునే ఉపాయాలూ ఈ రోజుల్లోనే పుట్టాయి. పుట్టుకకు తగ్గ గుడ్డలు కనీసం మూడు ఒంటి మీదుంటే పోలీసు ఏమీ చేయలేడన్న మాట దేశమంతటా నోటి మాటగా పాకింది. గౌను కింద మగ బనీను, మగ సాక్సులు. సూటు కింద ఆడ లోదుస్తులు. అలాంటి సెక్షన్ ఏ చట్టంలోనూ చరిత్రకారులకు దొరకలేదు. అయినా అటు పోలీసులూ ఇటు జనమూ అది ఉందనే నడుచుకున్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉపాయం మరీ గడుసుగా సాగింది. హాలోవీన్ రాత్రి ఆడవేషాలను పోలీసులు చూసీ చూడనట్టు పోనిచ్చేవారు. అర్ధరాత్రి దాటిందంటే పండగ అయిపోయినట్టే, బార్ల బయటే పట్టుకునేవారు. మోసగించే ఉద్దేశంతో వేషం మార్చడం నేరమన్న మెలిక ఆ నేరారోపణలో ఉంది. బ్లాక్ క్యాట్ బార్లో పాటలు పాడే హోసే సారియా దాన్నే పట్టుకున్నాడు. నల్ల పిల్లి తల ఆకారంలో చీటీలు చేయించి, వాటి మీద తాను అబ్బాయినేనని రాయించి, వేషధారులకు పంచాడు. పోలీసు ఆపితే గౌనుకు గుచ్చిన ఆ చీటీ చూపిస్తే సరి. నేను మగవాణ్ణని నేనే చెబుతుంటే ఇక మోసమెక్కడిది? అదే సారియా 1961లో నగర పాలక మండలికి పోటీ చేసి ఐదు వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఊరి చట్టాన్ని ఎత్తేసింది 1974లో.

హ్యూస్టన్‌లో ఫిలిస్ ఫ్రై అనే ఇంజనీరు 1976 నుంచి స్త్రీగా బతకడం మొదలుపెట్టారు. వేషం మీద ఉన్న చట్టం వల్ల ఇల్లు దాటితే అరెస్టు కావచ్చునన్న ఊళ్ళోనే ఉంటూ లా చదివారు. కౌన్సిల్ సభ్యుల గుమ్మాలకు ఏళ్ళ తరబడి తిరిగారు. 1980 ఆగస్టులో ఆ చట్టం రద్దయింది. 2010లో అదే నగరం ఆమెను మున్సిపల్ కోర్టు జడ్జిగా నియమించింది. అంతకు ముందే, 1975లో, కొలంబస్ చట్టాన్ని ఒహాయో సుప్రీంకోర్టు కొట్టేసింది. న్యూయార్క్‌లో మాత్రం ముసుగు నిషేధం వేరే సెక్షన్‌గా మిగిలి, కరోనా రోజుల్లో మాస్కు తప్పనిసరి అయ్యాకే, 2020లో పోయింది.

లండన్‌లో కథ ఇంకోలా నడిచింది. 1870 ఏప్రిల్‌లో స్ట్రాండ్ థియేటర్ నుంచి ఆడ దుస్తుల్లో బయటికొచ్చిన ఎర్నెస్ట్ బౌల్టన్, ఫ్రెడరిక్ పార్క్ అనే ఇద్దరు యువకులను పోలీసులు పట్టుకుని, మర్నాడు ఆ గౌన్లతోనే కోర్టులో నిలబెట్టారు. 1871 మేలో జ్యూరీ వాళ్ళను నిర్దోషులని వదిలేసింది. సరిగ్గా అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. అందులో రెండో భాగం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. పేరెక్కిన మనిషి ఆడ దుస్తుల్లో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసి, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టొచ్చంది.

ఆ భాగాన్ని బ్రిటిష్‌వాళ్ళు 1911లో తీసేశారు. నిజాం రాజ్యం దాన్నే 1919లో, అంటే 1329 ఫస్లీలో, హైదరాబాద్‌కు తెచ్చుకుంది. రాసిన తీరు చాలావరకు ఒకటే. వీధిలో ఆడ దుస్తులు, నగలు నేరం. ఆట, పాట, వాయిద్యం నేరం. వీధిలోకి కనబడాలన్న ఉద్దేశంతో మరెక్కడున్నా నేరమే. అంటే సొంత ఇంటి అరుగు మీద చీర కట్టుకుని నిలబడ్డా కేసు పెట్టొచ్చు. అవతల కోస్తా జిల్లాల్లో స్త్రీ పాత్రల నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికొస్తే జనం టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పగటి వేషగాళ్ళు చీర కట్టి పట్టపగలే ఇంటింటికీ వస్తే జనం బియ్యం పెట్టి పంపేవారు. చప్పట్లు, బియ్యం నటుడికి. రిజిస్టరు, అరెస్టు అదే చీరలో రోజూ బతికే మనిషికి.

స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి. ఈ చట్టం పేరులో ముందు 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంతం)' చేరింది. 2014 తర్వాత వట్టి 'తెలంగాణ' మిగిలింది. కర్ణాటక 2011లో తన పోలీసు చట్టంలో ఇంచుమించు ఇదే పోలికతో 36ఎ సెక్షన్ చేర్చుకుని, 2016లో సవరించుకుంది. హైదరాబాద్ చట్టం మీద వైజయంతి వసంత మొగ్లి, మరో ఇద్దరు 2018లో హైకోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి బెంచి అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అదే తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు కూడా ఆసరా పింఛను ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. నూట నాలుగేళ్ళుగా వాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టరులో రాయమంటూ వచ్చిన ప్రభుత్వం ఇక వాటిని పింఛను జాబితాలో రాసుకోవాల్సి వచ్చింది.