కంట్రోలు బియ్యం కథ

ఈ వారం చరిత్ర ముచ్చట్లలో బియ్యం గురించి మాట్లాడుకుందాం.

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వారం అమెరికాలో ఇండియన్ స్టోర్లలో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. సోనా మసూరి బస్తాల కోసం క్యూలు, కొన్ని చోట్ల ఇంటికి ఒకటే బస్తా అని షరతు. మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా రెండు మాటలు వినబడ్డాయి. "సర్కారుకి వ్యాపారంలో ఏం పనండీ?" అని కొందరు, "ముందు అక్కడి జనం తినాలి కదా" అని కొందరు. ఈ తగవు ఎనభై ఏళ్ళ నాటిది. మన పెద్దవాళ్ళు దాన్ని ఒక్క మాటలో చెప్పేవారు: కంట్రోలు. తెలంగాణలో రేషన్ బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆ మాట మన ఇళ్ళలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంతో. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించగానే అక్కణ్ణించి వచ్చే బియ్యం ఆగిపోయింది. ఎవరి ధాన్యం వాళ్ళ పొలిమేర దాటకుండా రాష్ట్రాలు కట్టడి చేసుకున్నాయి. బెంగాల్లో సర్కారు ముందు ధర కట్టింది. సరుకు అంగళ్ళలోంచి మాయమైంది. 1943 మార్చిలో ఆ కట్టడి తీసేసింది; ధర ఆకాశానికెక్కింది. మే నెలలో తూర్పు రాష్ట్రాల మధ్య స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమంది. బెంగాల్ వర్తకులు పక్క రాష్ట్రాల మీద పడి కొన్నారు, అక్కడా ధరలు పెరిగాయి, బెంగాల్ ఆకలి మాత్రం తీరలేదు. అంతకుముందే, జపాన్ సైన్యానికి చిక్కకూడదని సర్కారే తీరప్రాంతంలో పడవల్ని లాక్కుంది. చేపలు పట్టేవాడి బతుకూ, ధాన్యం రవాణా రెండూ దెబ్బతిన్నాయి. ఆ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. మార్కెట్ వైపు వాదించేవాళ్ళూ, సర్కారు వైపు వాదించేవాళ్ళూ బెంగాల్ని సాక్ష్యానికి పిలుస్తుంటారు. నన్నడిగితే ఆ సాక్ష్యం ఇద్దరికీ ఇబ్బందే.

ఆ తర్వాత పట్నాల్లో రేషన్ కార్డులు వచ్చాయి. పట్నంలో కార్డు మీద బియ్యం ఇవ్వాలంటే పల్లెలో ఎవరో ఒకరు సర్కారు చెప్పిన ధరకి ధాన్యం కొలవాలి. అదే లెవీ. కాగితం మీద అందరికీ ఒకటే లెక్క. నిజాం రాజ్యంలో మాత్రం దేశ్‌ముఖులు, పెద్ద భూస్వాములు పటేలు పట్వారీలని అడ్డం పెట్టుకుని తప్పించుకునేవారు. చిన్న రైతు గాదె ఖాళీ అయ్యేది. తెలంగాణ రైతులు తిరగబడ్డప్పుడు వెట్టిచాకిరితో పాటు ఈ లెవీ మీద కోపం కూడా అందులో ఉంది.

స్వాతంత్ర్యం రాగానే గాంధీగారు కంట్రోళ్ళు ఎత్తెయ్యమని గట్టిగా అడిగారు. కంట్రోలు వల్ల లంచాలు, దొంగబజారు పెరుగుతున్నాయని ఆయన బాధ. 1947 డిసెంబరులో ఎత్తేయడం మొదలుపెట్టారు. నెలలు తిరక్కుండానే ధరలు పట్టపగ్గాల్లేకుండా పోయాయి, 1948 చివరికి కంట్రోళ్ళు మళ్ళీ వచ్చేశాయి. 1951 మొదట్లో ధాన్యం చాలక మనిషికి రోజుకి 12 ఔన్సులున్న రేషన్‌ని 9 ఔన్సులకి కోసేశారు. అంటే సుమారు 255 గ్రాములు. పొద్దున్నుంచీ పొలంలోనో, మిల్లులోనో ఒళ్ళు వంచే మనిషికి అదేం సరిపోతుంది చెప్పండి?

1952 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్‌కి మెజారిటీ రాలేదు. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా అందులోనే ఉన్నాయి, ఇక్కడ కమ్యూనిస్టులు బాగా గెలిచారు. ఏప్రిల్లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. జూన్‌లో ఆహార కంట్రోళ్ళు ఎత్తేశారు! 1947 దెబ్బ ఇంకా ఎవరూ మరిచిపోలేదు, మళ్ళీ అదే అవుతుందని చాలామంది భయపడ్డారు. కేంద్రంలో ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ మాత్రం ఆయన పక్షాన నిలబడ్డారు. భయపడ్డట్టు ధరలు ఎగబాకలేదు. దాచిన ధాన్యం బయటికొచ్చింది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి, 1954కల్లా దేశమంతటా బియ్యం మీద కంట్రోలు పోయింది.

మరి 1947లో కానిది 1952లో ఎలా అయింది? ఈసారి సర్కారు చేతిలో గింజలున్నాయి. 1951లో అమెరికా 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, ఆ గోధుమలు ఓడల్లో దిగాయి. సర్కారు ఏ క్షణాన్నైనా తన నిల్వలు బజారులో దింపుతుందని వర్తకుడికి తెలిస్తే, బస్తాలు దాచి లాభం లేదని అతనికీ అర్థమవుతుంది. పైగా ఆ ఏడాదే రాయలసీమలో కరువు. అక్కడ రాజాజీ ప్రభుత్వం గంజి కేంద్రాలు నడిపింది. కొనడానికి డబ్బే లేనివాడిని బజారు ఆదుకోదని ఆయనకి తెలుసు. రాజాజీని వట్టి మార్కెట్ భక్తుడని అనేవాళ్ళు ఈ గంజి కేంద్రాల సంగతి ఎందుకో ఎత్తరు.

1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార వ్యవసాయం తీర్మానం చేస్తే, నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా గారు ఆ పార్టీ వదిలేశారు. రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. పర్మిట్-లైసెన్స్ రాజ్ మీద వాళ్ళ పోరు ఆ పార్టీని 1967లో 44 లోక్‌సభ సీట్ల దాకా తీసుకెళ్ళింది. సర్కారు మాత్రం బియ్యాన్ని వదల్లేదు: 1965లో ఆహార సంస్థ, 1983లో ఎన్టీఆర్ గారి రెండు రూపాయల కిలో బియ్యం. ఆ పథకం పేదింట్లో పొయ్యి వెలిగించింది, దాని ఖర్చు మీద వాదన ఇంకా అవుతూనే ఉంది.

2023 నిషేధం 2024 సెప్టెంబరు 28న తీసేశారు, టన్నుకి 490 డాలర్లకి తక్కువ అమ్మకూడదన్న షరతుతో. నెల తిరక్కుండా ఆ షరతూ పోయింది. గోదాముల్లో నిల్వలు పేరుకుపోవడం అందుకు ఒక కారణం. నిషేధం పెట్టిన కొద్ది వారాలకే ప్రపంచ బజారులో బియ్యం ధర పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత పెరిగింది. ఆ ధర అక్కడి వరి రైతు గడప దాకా రాలేదు. ఊళ్ళో బియ్యం కొనుక్కుని తినే కూలీకి ఆ నిషేధమే కొంత ఊరట. మనలో చాలామందికి ఊళ్ళో ఆ రైతూ చుట్టమే, ఆ కూలీ ఇల్లూ తెలిసిందే.